ఖర్చు మీ ఖాతాలో రాసుకోండి

2009 జులై 12, ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. దక్షిణ ఢిల్లీలోని జమ్రూద్‌పూర్ దగ్గర కడుతున్న మెట్రో వంతెన కూలిపోయింది. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు సైటు ఇంజినీరు. అదే రోజు ఢిల్లీ మెట్రో ఎండీ ఇ. శ్రీధరన్ విలేకరుల ముందుకొచ్చి, నైతిక బాధ్యత తనదేనని, రాజీనామా చేస్తున్నానని ప్రకటించారు. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. మర్నాడు ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఆ రాజీనామాను తిప్పి పంపారు. ఆయన మళ్లీ పనిలో దిగి 2011 చివరి దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఆ వంతెనకు కాంక్రీటు పోసింది ఆయన కాదు. కాంట్రాక్టరు ఉన్నాడు, డిజైను గీసినవాళ్లున్నారు, తనిఖీ చేయాల్సినవాళ్లున్నారు. వేలెత్తి చూపాలంటే చాలామందే దొరుకుతారు. విచారణ అయ్యాక ఎవరి తప్పు ఎంతో ఎలాగూ తేలుతుంది. కానీ ఆ రోజు తిట్లు ఎవరి మీద పడాలో ఆయన ముందే తేల్చేశారు.

టీమ్ దగ్గర గౌరవం ఎలా సంపాదించాలని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. మీకు ఏదో ఒకటి ఖర్చయిన చోటే అది దొరుకుతుంది. డబ్బే కానక్కర్లేదు. పరువు కావచ్చు, పైవాళ్ల దగ్గర మంచిపేరు కావచ్చు, మీ సుఖం కావచ్చు. పుట్టినరోజు కేకు కోసినా, శుక్రవారం బిర్యానీ తెప్పించినా, 'మనమంతా ఒకే కుటుంబం' అని మెయిల్ పెట్టినా జనం సంతోషంగా థాంక్యూ చెబుతారు. అక్కడితో సరి. వాటివల్ల మీకు పోయిందేమీ లేదని వాళ్లకు తెలుసు.

కాబట్టి మొదట తిట్లు తినే సమయంలో ఎక్కడ నిలబడుతున్నారో చూసుకోండి. క్లయింటు కాల్‌లో అవతలివాడు గొంతు పెంచాడు. 'మా కుర్రాడు చూసుకోలేదండీ' అన్నారా, ఆ ఒక్క మాటతో ఏడాది కష్టం పోయినట్టే. 'మా వైపు పొరపాటు జరిగింది. సాయంత్రంలోగా సరిచేస్తాం, చూసే బాధ్యత నాది' అనండి. కాల్ అయ్యాక ఆ కుర్రాణ్ని పక్కకు పిలిచి ఎక్కడ తప్పిందో కూర్చుని చూడండి. గట్టిగా చెప్పాల్సింది ఉంటే అక్కడే, తలుపు వేసి చెప్పండి. వెనకేసుకు రావడమంటే తప్పును దాచేయడం కాదు. దెబ్బ మీరు కాసి, దిద్దుబాటు అతనితో చేయించాలి. ఈ రెండో సగం వదిలేసే మంచివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంటే టీమ్‌కి ఇష్టం ఉంటుంది, లెక్క ఉండదు.

పొగడ్తలు టీమ్‌కే ఇవ్వాలన్న సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడితే విలేకరుల ముందు కూర్చున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులైలో అదే రకం రాకెట్ గెలిస్తే ముందుకు పంపింది ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలామ్‌ను. కలామ్ జీవితాంతం ఆ సంగతి చెబుతూనే ఉన్నారు.

మళ్లీ శ్రీధరన్ దగ్గరికి వద్దాం. పుట్టింది కేరళలో అయినా ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడ కాలేజీలోనే. 1964 డిసెంబరు తుపానుకు పంబన్ వంతెన కొట్టుకుపోతే, బాగుచేయడానికి ఇచ్చిన మూడు నెలల గడువులో సగం చాలు అన్నట్టు 46 రోజుల్లో నిలబెట్టారు. అప్పుడాయన వయసు 32. ఢిల్లీ మెట్రోలో గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే గడియారాలు పెట్టించారు. ఆ అంకె కింది ఉద్యోగికీ ఎండీకీ ఒకటే. మొదటి దశ 2005 చివరికి, అనుకున్న గడువుకన్నా రెండేళ్లకు పైగా ముందే పూర్తయింది.

ఇంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పొద్దున ఆయన ఎంత కచ్చితంగా ఆఫీసుకు వచ్చేవారో, సాయంత్రం అంతే కచ్చితంగా ఇంటికి బయల్దేరేవారని పేరు. మన ఆఫీసుల్లో దీన్ని ఎవరూ నాయకత్వ లక్షణంగా లెక్కెయ్యరు. రాత్రి తొమ్మిదింటిదాకా సీట్లో కూర్చునే మేనేజరు తాను కష్టపడుతున్నానని అనుకుంటాడు. అతను లేవలేదని పన్నెండుమంది పని లేకపోయినా మానిటర్లు చూస్తూ కూర్చుంటారు. ఇంటి దగ్గర పిల్లలు నిద్రపోతారు. మీటింగుకు మీరు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, అది మీ పది నిమిషాలతో పోదు. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరి పది నిమిషాలూ పోతాయి. టైముకు మొదలుపెట్టి టైముకు ముగించడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, రోజూ కళ్లముందు జరిగేది అదే.

అన్నిటికన్నా కష్టమైనది, చాలామంది తప్పుకునేది, పైవాళ్లకు ఎదురుచెప్పడం. 2008లో హైదరాబాద్ మెట్రో ఒప్పందంలో ప్రైవేటు సంస్థకు అంత భూమి అప్పగించడం సరికాదని శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం మండిపడింది, క్షమాపణ చెప్పాలంది. మరుసటి ఏడాది ఆ ఒప్పందమే రద్దయింది. అంత పెద్ద పోరాటాలు మన వాటాకు రావు. కానీ రెండు నెలల పనిని మూడు వారాల్లో ఇస్తామని పై అధికారి ఒప్పుకుని వచ్చినప్పుడు, 'కుదరదు సార్, ఇదిగో లెక్క' అని కాగితం ముందు పెట్టే అవకాశం ప్రతి టీమ్ లీడ్‌కీ ఏడాదిలో ఒకటి రెండుసార్లు వస్తుంది. గదిలోకి వెళ్లేముందు టీమ్‌తో ఒక మాట, లోపల ఇంకో మాట అయితే మాత్రం అది దాగుతుందనుకోకండి. గోడలు పలచన. మీరు ఓడిపోయి బయటికి వచ్చినా ఫరవాలేదు, అడిగి ఓడిపోయారని వాళ్లకు తెలిస్తే చాలు.

మీకన్నా వయసులో పెద్దవాళ్లు మీ కింద ఉంటే కొంచెం వేరే జాగ్రత్త కావాలి. బ్యాంకు శాఖల్లో, బళ్లలో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఇది మామూలే. ముప్పై ఏళ్ల మేనేజరు, యాభై ఎనిమిదేళ్ల హెడ్ క్యాషియరు. అధికారం చూపించాలన్న తొందర మొదటి నెలలోనే పుడుతుంది. దాన్ని ఆపుకోండి. 'ఈ ఖాతాదారుల సంగతి మీకు తెలిసినంత నాకు తెలీదు, చెప్పండి' అని నలుగురి ముందు అడగండి. తెలియదని ఒప్పుకోవడం కూడా ఖర్చే. విన్నాక నిర్ణయం మాత్రం మీరే తీసుకోండి. అది కూడా ఆయనమీదే వదిలేస్తే ఆయనకే మీమీద నమ్మకం పోతుంది.

పండగల డ్యూటీ చార్టు ఒకసారి తీసి చూడండి. పోయిన సంక్రాంతికి, దసరాకు ఎవరెవరు పనిచేశారు? చాలా చోట్ల ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెళ్లి కాని కుర్రాడో, కాదనలేని అమ్మాయో. ఈసారి భోగి రోజు గడిలో ముందు మీ పేరు రాయండి. ఆ పిల్లలకు సెలవని ఇప్పుడే చెప్పేయండి. రైలు టికెట్ల బుకింగ్ అరవై రోజుల ముందే తెరుస్తారు, తెరిచిన కాసేపటికే సంక్రాంతి బెర్తులు అయిపోతాయి.