నెహ్రూ చెల్లెలేనా?

చిరంజీవి మనవరాలికి,

ఐక్యరాజ్యసమితిలో పనిచేయాలని ఉందన్నావు, చాలా సంతోషం. కానీ విజయలక్ష్మీ పండిట్ మాట ఎత్తితే "ఆవిడకేం అమ్మమ్మా, నెహ్రూ చెల్లెలు" అని తీసిపారేశావు. అది నాకు మింగుడుపడలేదు.

పుట్టిల్లు అండగా నిలిచిన మాట నిజమే. 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో మంత్రి పదవికి అదీ కలిసొచ్చి ఉంటుంది. కానీ ఆమె జైలుకూ వెళ్లింది, అదీ మూడుసార్లు. 1944లో భర్త పోయాడు. కొడుకులు లేరని ఆస్తిలో ఆమెకూ ముగ్గురు కూతుళ్లకూ హక్కు లేదన్నారు.

మూడేళ్లు తిరగకముందే, 1946లో, ఐరాసకు మన ప్రతినిధి బృందాన్ని నడిపించింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయులపై సాగుతున్న వివక్ష మీద మన ఫిర్యాదు. నేటాల్ చెరకు తోటలకు కూలికెళ్లిన మన తెలుగువాళ్ల బిడ్డలూ ఆ బాధితుల్లో ఉన్నారు. అది మా ఇంటి వ్యవహారం అన్నాడు ఆ దేశ ప్రధాని స్మట్స్. బ్రిటన్, అమెరికా అతని పక్షమే. నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. డిసెంబరు 8న మనకు 32, వాళ్లకు 15 పడ్డాయి. ఆ 32 దేశాలూ అన్నగారి ముఖం చూసి చెయ్యెత్తలేదమ్మా.

గెలిచాక ఆమె నేరుగా స్మట్స్ దగ్గరికి వెళ్లింది. వాదనలో గాంధీగారి మర్యాద దాటి ఏమైనా అని ఉంటే మన్నించమంది. ఇది ఉత్త గెలుపు, దీనివల్ల నేను ఓడతాను, మీకు ఒరిగేదేమీ లేదు అన్నాడాయన. 1948 ఎన్నికల్లో ఓడాడు కూడా. తర్వాత వచ్చినవాళ్లు వర్ణవివక్షనే రాజ్యనీతి చేశారు. అయినా మన దేశం ఆ ఫిర్యాదు వదల్లేదు. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చేది గెలిచాక కూడా స్మట్స్‌ను మన్నించమని అడిగిన ఆ తీరే.

అన్నిచోట్లా గెలిచిందని చెప్పను. మాస్కోలో రాయబారిగా ఉన్నన్నాళ్లూ స్టాలిన్ ఆమెను కలవనేలేదు. ఆమె తర్వాత వెళ్లిన మన రాధాకృష్ణన్ గారిని 1950లో పిలిచి మాట్లాడాడు. వాషింగ్టన్, లండన్‌లలోనూ పనిచేసింది. 1953లో ఐరాస సర్వప్రతినిధి సభకు తొలి మహిళా అధ్యక్షురాలైంది.

ఇక చుట్టరికం సంగతి. 1977లో విశ్రాంతి మాని, ఎమర్జెన్సీ విధించిన సొంత మేనకోడలు ఇందిరకు వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం చేసింది.

ఆమె ఆత్మకథ 'ది స్కోప్ ఆఫ్ హ్యాపీనెస్' సంపాదించి చదువు. చదివాక కూడా నెహ్రూ చెల్లెలే అనిపిస్తే, ఎందుకో వివరంగా నాకు రాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ