మొహం మీద దుమ్ము ఎంత తోమితే పోతుంది?

ప్రశ్న: నోయిడాలో ఉంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చి దూదితో తుడిస్తే మొహం మీది మురికి నల్లగా వస్తుంది. చార్‌కోల్ ఫేస్‌వాష్, వాల్‌నట్ స్క్రబ్ రోజూ వాడుతున్నా మొటిమలు తగ్గలేదు, పైగా మంట. డీప్ క్లెన్సింగ్‌కి ఏది మంచిది?

జవాబు: ముందు ఆ రెండూ పక్కన పెట్టండమ్మా. మంట పుట్టిందంటే చర్మం పైపొర దెబ్బతిన్నట్టే. చార్‌కోల్ పేరుకే గొప్ప; ఫేస్‌వాష్‌లో అది చర్మం మీద ఉండేది అర నిమిషం!

మీ ప్రాంతంలో నీళ్లు చాలాచోట్ల కఠినం. బకెట్ అంచున తెల్లటి చార కడుతుందా? అలాంటి నీళ్లలో సబ్బు రుద్దితే జిడ్డుపొర మిగులుతుంది. అందుకే సబ్బు లేని, పీహెచ్ 5.5 దగ్గర ఉండే క్లెన్సర్ కొనండి. ఉదయం, రాత్రి వేళ్లతో మెల్లగా రుద్దితే చాలు. మొటిమలకు 1-2 శాతం శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌ను, మంట తగ్గాక, రోజు విడిచి రోజు రాత్రిపూట వాడండి. అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది. గర్భిణి అయితే డాక్టర్నడిగాకే. సన్‌స్క్రీన్, మేకప్ వేసుకున్న రోజు ముందు మైసెల్లార్ వాటర్‌తో తుడవండి. చలికాలంలో తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి.

రెండు నెలలకీ తగ్గకపోతే చర్మవైద్యుల్ని కలవండి.