సున్తీ ఆపరేషన్ – లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

మగవారి అంగం కొసన ఉండే ముందరి చర్మాన్ని తీసేసే చిన్న ఆపరేషనే సున్తీ. ఖత్నా అని, వొడుగులు అని కూడా అంటారు. కొందరు మత ఆచారంగా పిల్లలకు చేయిస్తారు. కొందరికి జబ్బు వల్ల డాక్టరే చేయించుకోమంటారు. కారణం ఏదైనా జాగ్రత్తలు ఒకటే.

అందరికీ అవసరమా?

లేదు. పుట్టిన పిల్లల్లో ఈ చర్మం లోపలికి అతుక్కునే ఉంటుంది. అది రోగం కాదు. ఎదిగేకొద్దీ దానంతట అదే వదులవుతుంది, కొందరికి 16, 17 ఏళ్లు కూడా పడుతుంది. స్నానం చేయించేటప్పుడు బలవంతంగా వెనక్కి లాగొద్దు. లాగితే చిట్లుతుంది, మానేటప్పుడు మచ్చ కట్టి, లేని బిగువు నిజంగానే వస్తుంది. ఒంటికి పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బినా, నొప్పి లేకుండా ధార బాగానే వస్తుంటే కంగారు పడక్కర్లేదు. చర్మం బిగుసుకుపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. దానికి కూడా ముందు స్టెరాయిడ్ పూతమందు 4 నుంచి 8 వారాలు రాసి చూస్తారు. చాలామంది పిల్లలకు దాంతోనే సరిపోతుంది. చర్మం తెల్లగా గట్టిపడినా, మాటిమాటికీ చీము పట్టినా, మూత్రం ధార సన్నబడినా అప్పుడు ఆపరేషన్ మాట.

పెద్దవాళ్ల సంగతి వేరు. ఇన్నాళ్లూ బాగున్న చర్మానికి కొత్తగా పగుళ్లు, దురద, బిగువు మొదలైతే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నట్టు ఇలాగే బయటపడేవాళ్లు ఉన్నారు. సిగ్గుపడి మందుల షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కుని ఏళ్లు గడపకండి. చర్మం కింద మానని పుండు, గడ్డ ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

వెనక్కి జరిపిన చర్మం మళ్లీ ముందుకు రాక, కొస వాచిపోతే అది అత్యవసరం. మూత్రం పైపు వేసినవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది. రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

డాక్టర్‌కు ముందే చెప్పాల్సినవి

బాబుకు మూత్రం కొస నుంచి కాకుండా కింది వైపు నుంచి వస్తోందా? అయితే సున్తీ చేయించకూడదు. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఈ చర్మమే కావాలి. ఒకసారి తీసేస్తే తిరిగి రాదు. అందుకే ఆచారం కోసం చేయించినా సరే, ముందు ఒక డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో మగపిల్లలకు, మేనమామలకు చిన్న దెబ్బకే రక్తం ఆగని జబ్బు ఉంటే తప్పకుండా చెప్పండి. అది హీమోఫీలియా కావచ్చు. గుండె జబ్బుకు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

పెద్దలకు ఎక్కువగా అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు కాబట్టి ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి పాలడబ్బా, బిస్కెట్ ఏదీ పెట్టొద్దు. ఏడుస్తున్నాడని అమ్మమ్మలు చాటుగా పెడుతుంటారు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. తల్లిపాలు, మంచినీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో డాక్టర్‌ను అడగండి.

ఆపరేషన్ తర్వాత

కొన్ని రోజులు వాపు, మంట మామూలే. కొస మీద పసుపు పొరలాంటిది వస్తుంది, అది చీము కాదు, గీకి తీయొద్దు. కుట్లు రెండు మూడు వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి. పసుపు, బూడిద, నూనె ఏదీ రాయొద్దు. పెళ్లయినవాళ్లు 4 నుంచి 6 వారాలు దూరంగా ఉండాలి. మగతనం తగ్గుతుందన్నది అపోహ. అలాగే సున్తీ అయింది కదా, హెచ్‌ఐవీ రాదులే అనుకోవడమూ తప్పే. కండోమ్ వాడాల్సిందే.

శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోతే, మూత్రం బంద్ అయితే, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా రాత్రయినా సరే ఆస్పత్రికి రండి. 108కు ఫోన్ చేయొచ్చు.

ఖర్చు ఎవరిది?

మీ కేసు ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో చేరకముందే నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. రాకపోయినా దిగులు వద్దు. ప్రభుత్వ ఏరియా, జిల్లా ఆస్పత్రుల సర్జన్లకు ఇది మామూలు ఆపరేషన్. హైదరాబాద్‌లో పిల్లలకు నిలోఫర్, పెద్దలకు ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కింద అనుమతి వచ్చాక కూడా ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి చెప్పండి.