ధింసా వింటూ నేర్చుకునే సంగీత పాఠం



చలికాలం వచ్చిందంటే మన బస్సులు అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, చివర్లో ధింసా. సాయంత్రానికల్లా మీ ఫోన్లకు వీడియోలు చేరతాయి. ఈసారి ఒక పని చేయండి. ఫోను బల్లమీద బోర్లా పెట్టి, బొమ్మ చూడకుండా, మీ పాపతోనో బాబుతోనో కూర్చుని ఆ వీడియో వినండి. పిల్లలు సంగీతం పీరియడ్‌లో నోటుబుక్కులో రాసుకునే మాటలు చాలావరకు ఆ రెండు నిమిషాల్లోనే వినబడతాయి.

ముందుగా చెవికి తగిలేది దెబ్బ. డప్పు, తుడుము సమానమైన ఎడంతో మోగుతూ పోతాయి. ఆ నడకే లయ. దెబ్బల్ని ఇన్నేసి చొప్పున కట్టి మళ్లీ మొదటికి తీసుకొచ్చే లెక్క తాళం. ఆదితాళానికి ఎనిమిది, రూపకానికి ఆరు. ఆ నడక ఎంత వేగంగా సాగుతోందో చెప్పేది కాలప్రమాణం. కీబోర్డు నేర్చుకునే పిల్లలు దీన్నే టెంపో అంటారు, నిమిషానికి ఇన్ని బీట్లు అని కొలుస్తారు. గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ ఒక్కో సెకనుకు ఒక్కో చప్పట కొడితే అది నిమిషానికి 60.

ఇక్కడే చాలామంది పిల్లలు తడబడతారు. సరళీ వరుసలు రెండో కాలంలో పాడమంటే చప్పట్లు కూడా గబగబా కొట్టేస్తారు. అది పొరపాటు. రెండో కాలంలో తాళం కదలదు. ఒక్క దెబ్బకు ఒక స్వరం పాడిన చోట రెండు పాడతాం, మూడో కాలంలో నాలుగు. తుడుము కొట్టేవారు జోరందుకుంటే జరిగేది వేరు, అప్పుడు దెబ్బే దగ్గర పడుతుంది, అడుగులూ దానితో పాటు వేగం పెంచుకుంటాయి. మొదటిది ఒకే పెట్టెలో ఎక్కువ సామాను సర్దడం, రెండోది పెట్టెల్నే చిన్నవి చేయడం. ఈ తేడా తెలిసిన పిల్లకు లయలో సగం భయం పోయినట్టే.

ఇంట్లో చేయించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సెకనుకో చప్పట కొడుతూ ఒక్కో చప్పట మధ్యలో ‘తకధిమి’ అనమనండి, అది చతురశ్రం. చప్పట మార్చకుండా ‘తకిట’ అంటే తిశ్రం. ‘తకతకిట’ ఐదు, ఖండం. ‘తకిటతకధిమి’ ఏడు, మిశ్రం. తొమ్మిదైతే సంకీర్ణం, దాన్ని ఇప్పుడే ముట్టుకోవద్దు. పిల్లలకంటే ముందు మీరు తప్పుతారు, నవ్వుకోండి.

ఇక పైన వినబడే సన్నటి, గట్టి ఊదు శబ్దం మోరి. సన్నాయిలాగే దానికీ ఒక శ్రుతి ఉంటుంది. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న ‘స’ ఎత్తు. గొట్టం పొడవు, రంధ్రాల మధ్య దూరం ఆ ఎత్తును నిర్ణయిస్తాయి కాబట్టి మోరిని మన కీబోర్డు పక్కన పెట్టి వాయించమంటే రెండూ కలవకపోవచ్చు. అలాంటప్పుడు మోరి తప్పు అనకండి. కీబోర్డులో ‘ట్రాన్స్‌పోజ్’ బటన్ ఉంది, మెట్టుకు తక్కువ తేడా సరిచేయడానికి ‘ట్యూనింగ్’ ఉంది. సర్దుకోవలసింది మనమే.

అదే ‘స’ను మోరి మీద, వయొలిన్ మీద, మీ అమ్మాయి గొంతులో వింటే మూడూ వేరువేరుగా తెలుస్తాయి కదా. ఎత్తు ఒకటే, రంగు వేరు. ఈ గుణాన్ని టింబర్ అంటారు, తెలుగులో నాదగుణం అనుకోవచ్చు. ఆరుబయట కొండవాలులో, అంతమంది అడుగుల చప్పుడు మధ్య వీణ వినబడదు. తోలు వాయిద్యం, ఊదు వాయిద్యం, జోడుకొమ్ములు వినబడతాయి. ఏ చోట ఏ వాయిద్యం, ఏది ముందు మొదలవ్వాలి, ఏది ఆగాలి, ఏది దేనికి జవాబివ్వాలి అని తీర్మానించడమే అరేంజ్‌మెంట్. సినిమా పాటకు కీబోర్డు ముందు కూర్చుని చేసే పనీ ఇదే. పిల్లలు కీబోర్డు మీద స, గ, ప కలిపి నొక్కితే కార్డు వస్తుంది. అంతర గాంధారం వేస్తే మేజర్, సాధారణ గాంధారం వేస్తే మైనర్. ధింసా బాణీకి కార్డులు వేయొచ్చు, కానీ అది మనం చేర్చినదని పిల్లలకు తెలియాలి.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఒక వార్షికోత్సవానికి నేను ధింసా రికార్డింగు నుంచి ఒక ముక్క కత్తిరించి, లూప్ చేసి, పైన కీబోర్డు చేర్చి ట్రాక్ తయారుచేశాను. నాకు బాగానే ఉంది. రిహార్సల్‌లో పిల్లలు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని గొలుసుగా నిలబడ్డారు. కాసేపటికోసారి వరుస మొత్తం తూలుతోంది. అందరినీ తిట్టాను. పాడేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి నెమ్మదిగా, “సార్, అతుకు దగ్గర ఒక దెబ్బ తగ్గింది” అన్నాడు. లెక్కపెట్టి చూస్తే నిజమే. గొలుసులో ఒక్కరి అడుగు తప్పినా పక్కవాళ్ల నడుముకు తెలిసిపోతుంది. అందుకే వాడి ఒంటికి ముందు తెలిసింది.

ఆ టర్మ్ ప్రోగ్రెస్ రిపోర్టులో ఆ అబ్బాయికి సంగీతంలో నేనే ‘ఇంకా కృషి చేయాలి’ అని రాశాను. స్వరస్థానాల పేర్లు పన్నెండూ అప్పజెప్పలేదని. ఇప్పుడు పేర్లకు సగం మార్కులు, విని చప్పట కొట్టడానికి సగం మార్కులు వేస్తున్నాను. ట్రాక్ తీసేసి డప్పు నేరుగా వాయించాం.

‘మావాడికి సంగీతం రాదు, ఆ పీరియడ్‌లో మ్యాథ్స్ చేయించండి’ అని పేరెంట్-టీచర్ మీటింగులో అడిగేవారు ఉన్నారు. వాడికి రాదని మీరెలా కనిపెట్టారో ముందు చెప్పండి. పాడలేడనా? లయ వేరు, గొంతు వేరు. పద్ధతిగా నేర్పాలనుకునేవారికి కొండ దిగితే విజయనగరం ఉంది. 1919లో అక్కడ మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు.

ఈ నెల ఇంటిపని: అరకు వీడియో విని, డప్పు ఎన్ని దెబ్బలకు మళ్లీ మొదటికొస్తోందో, మోరి ఎప్పుడు ఆగిందో పిల్లల చేత ఒక కాగితం మీద రాయించి సంగీతం టీచరుకు పంపండి. టూరుకు ఇంకా వెళ్లనివారు ఒక మాట గుర్తుంచుకోండి: వీడియో తీసేముందు కళాకారుల్ని అడగమనండి, వాయిద్యం పేరు కూడా వాళ్లనే అడిగి రాసుకు రమ్మనండి.