నగరం పైపులైన్ పేలుడు: పరీక్షకు ఏం చదవాలి?

2014 జూన్ 27, తెల్లవారుజాము. కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో భూమిలోని 18 అంగుళాల గెయిల్ గ్యాస్ పైపు పగిలి మంటలు చెలరేగాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లతో పాటు కొబ్బరి చెట్లూ నిలువునా మాడిపోయాయి.

కారణమే అసలు ప్రశ్న. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, కండెన్సేట్ కలిసిన గ్యాస్ పారింది. లోపలి గోడ తుప్పు పట్టి పలచబడింది. తేమను తీసే డీహైడ్రేషన్ యూనిట్ లేదు. ఇది కేవలం సాంకేతిక లోపం కాదు. ముప్పు తెలిసీ ఆ యూనిట్ ఏర్పాటును వాయిదా వేయడం నైతిక వైఫల్యం. ఎథిక్స్ పేపర్‌లో కేస్ స్టడీగా రాయదగ్గది.

చట్టాలు: భూమిలో పైపు వేసే హక్కుకు 1962 చట్టం. గుర్తుంచుకోండి, ప్రభుత్వం తీసుకునేది వినియోగ హక్కే, యాజమాన్యం రైతుదే. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు చట్టం 2006. ప్రమాదకర పదార్థాల బాధితులకు తక్షణ సాయం: ప్రజా బాధ్యత బీమా చట్టం 1991.

రాజ్యాంగ అధికరణలు: జీవించే హక్కు 21, కార్మికుల ఆరోగ్యం 39(ఇ), మానవీయ పని పరిస్థితులు 42.

తికమకపెట్టే జంట: 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద జరిగింది ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్, 2014లో నగరంలో జరిగింది గెయిల్ పైపులైన్ పేలుడు. రెండూ కోనసీమలోనే. అప్పటి జిల్లా తూర్పు గోదావరి. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న.