మార్ష్‌మాలో ముందే పెట్టండి

20 స్పగెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి ఒకటి. నలుగురు కలిసి 18 నిమిషాల్లో ఎంత ఎత్తు కట్టగలిగితే అంత ఎత్తు కట్టాలి. మార్ష్‌మాలో మాత్రం పైన నిలబడాలి. పీటర్ స్కిల్‌మన్ అనే డిజైనర్ తయారుచేసిన ఈ ఆటను టామ్ వూజెక్ అనే మరొకాయన రకరకాల వాళ్ల చేత ఆడించి, చూసిందంతా 2010లో టెడ్ వేదిక మీద చెప్పాడు. సగటున బిజినెస్ స్కూలు పట్టభద్రుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తుగా కట్టారు. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు పిల్లల్ని దాటారు లెండి, అది వాళ్ల వృత్తి.

పెద్దలు ముందు పెత్తనం ఎవరిదో తేల్చుకుంటారు. ప్లాను గీస్తారు, పుల్లలు కడతారు, ఆఖరి నిమిషంలో మార్ష్‌మాలో పైన పెడతారు. చూడ్డానికి దూదిలా ఉన్నా ఆ పుల్లలకు అది బరువే. అంతా ఒరిగిపోతుంది, సరిచేసే టైముండదు. పిల్లలు మొదటి నుంచీ మార్ష్‌మాలో పైన పెట్టే కడతారు. పడితే ఇంకోలా కడతారు.

ఆఫీసులో మనం చేసేదీ ఆ పెద్దల పనే. శుక్రవారానికి బ్రాంచీల వారీగా అమ్మకాల రిపోర్టు ఇవ్వాలనుకోండి. నాలుగు రోజులు ఎక్సెల్‌లో రంగులద్ది, చార్టులు పెట్టి శుక్రవారం సాయంత్రం పంపుతాం. "వాపసు వచ్చిన సరుకు తీసేశారా ఇందులో?" అని అవతలి నుంచి ఒక్క మాట. పని మళ్లీ మొదటికొస్తుంది. సోమవారమే ఒక్క బ్రాంచీ లెక్క వేసి, "సార్, మిగతావీ ఇలాగే చేసేయమంటారా?" అని చూపిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఆదిలోనే హంసపాదు అని దిగులుపడతాం గానీ, నన్నడిగితే ఆ పడేదేదో ఆదిలో పడటమే చవక.

సగం పని చూపించడానికి మనకు మొహమాటం. మార్కులు వేయించుకుని పెరిగినవాళ్లం మరి. కొందరు మేనేజర్లు కూడా చిత్తుప్రతి చూసి మనిషికే మార్కులేస్తారు. అందుకే పైన పెద్దక్షరాలతో 'చిత్తు' అని రాయండి. "ఎలా ఉంది సార్?" అని మాత్రం అడక్కండి, ఫాంటు మార్చమంటారు. తేలాల్సిన సంగతి ఒక్కటే అడగండి: వాపసు సరుకు కలపాలా, వద్దా?

ఎవరికి చూపించాలన్నదీ ముఖ్యమే. వూజెక్ ఆటలో సీఈఓలు తమంతట తాము కట్టినప్పటి కంటే, వాళ్ల అసిస్టెంటు కూడా జట్టులో ఉన్నప్పుడు మెరుగ్గా కట్టారు. పని ఎలా నడవాలో, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చూసుకునే మనిషి అక్కడ ఉన్నాడు కాబట్టి. మేనేజరు దొరక్కపోతే బిల్లులు కొట్టే కుర్రాణ్ని అడగండి. వాపసు సరుకు సంగతి చాలాసార్లు అతనికే బాగా తెలుస్తుంది.

కస్టమరుకు వెళ్లే కొటేషన్, సంతకం పడే కాగితం, ప్రభుత్వానికి కట్టే పన్ను లెక్క, వీటి దగ్గర మాత్రం ఈ పద్ధతి ఆఫీసు గుమ్మం దాటకూడదు. చిత్తు ఎంతమంది చేతులు మారినా లోపలే మారాలి, బయటికి వెళ్లేది ఒక్క ప్రతే.