జీడిపిక్క ధర ఎక్కడ తేలుతుంది?

ఉగాదికి అప్పచెల్లెళ్లిద్దరూ హరిశ్చంద్రపురంలో పుట్టింటికి వచ్చారు. అప్పకు ఉద్దానంలో ఎకరం జీడితోట ఉంది. చెల్లి పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పని చేస్తుంది. పిక్కలు కొడుతుంది. పప్పు పొట్టు తీస్తుంది. రాత్రి బడి నడిపే పిన్ని కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది.

"2018లో తిత్లీ తుపానుకు సగం చెట్లు పోయాయి. మిగిలిన చెట్ల పిక్కలకూ ధర లేదు. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇమ్మని రైతులు ధర్నాలు చేశారు. బయటి దేశాల పిక్కలు వస్తుంటే మన పిక్కలు ఎవరు కొంటారు?" అంది అప్ప.

"అలాగనకు అప్పా! ఆ పిక్కలు రాకపోతే మాకు ఏడాది పొడుగునా పనేటుంటాది?" అంది చెల్లి.

పిన్ని నవ్వింది. "ఇద్దరి మాటా నిజమే. అసలు సంగతి సుంకంలో ఉంది. వినండి" అంది.

సుంకం అంటే ఏమిటి?

బయటి సరుకు మన దేశంలోకి వచ్చేటప్పుడు ప్రభుత్వం పన్ను వేస్తుంది. అదే దిగుమతి సుంకం. సుంకం పెరిగితే బయటి సరుకు ధర పెరుగుతుంది. సుంకం తగ్గితే ధర తగ్గుతుంది.

ఆఫ్రికా దేశాల నుంచి మనకు జీడిపిక్కలు వస్తాయి. 2018లో మన ప్రభుత్వం పిక్కల మీద సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది. దీనివల్ల కార్ఖానాకు పిక్క చౌక అవుతుంది. తోట ఉన్న అప్పకు మాత్రం పోటీ పెరుగుతుంది.

కొట్టి, పొట్టు తీసిన పప్పే బయటి నుంచి వస్తే? అప్పుడు అప్ప పిక్కకు గిరాకీ ఉండదు. చెల్లికి పని ఉండదు. ఇద్దరికీ నష్టమే. అందుకే 2019లో పప్పు మీద సుంకాన్ని 45 శాతం నుంచి 70 శాతానికి పెంచారు.

"సుంకం మన చేతిలోనే ఉంది కదా! ఇక భయమేటి?" అంది చెల్లి.

"ఎప్పుడూ మన చేతిలో ఉండదమ్మా. ఒప్పందం మీద సంతకం పెడితే చేతులు కట్టుకున్నట్టే" అంది పిన్ని.

పదహారు దేశాల ఒప్పందం

కొన్ని దేశాలు కలిసి, ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తగ్గించుకుంటామని రాసుకుంటాయి. దాన్ని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అంటారు. తగ్గిస్తామని రాశాక, ఆ దేశాల సరుకు మీద మన ఇష్టానికి మళ్లీ పెంచలేం.

2012లో 16 దేశాలు అలాంటి పెద్ద ఒప్పందానికి పూనుకున్నాయి. దాని పేరు ఆర్‌సెప్. చైనా, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాం, మన దేశం అందులో ఉన్నాయి. వియత్నాం జీడిపప్పును పెద్ద ఎత్తున బయటికి అమ్మే దేశం. న్యూజిలాండ్ తన పాలల్లో ఎక్కువ భాగాన్ని పొడిగా, వెన్నగా బయటికి అమ్ముతుంది.

2017 జూలైలో ఈ చర్చలు మన హైదరాబాదులోనే జరిగాయి. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, మందుల ధరల గురించి పోరాడేవారు అదే ఊళ్లో సభ పెట్టుకున్నారు. వారి భయాలు ఇవి:

చౌక పాలపొడి వస్తే, ఒకటి రెండు గేదెలతో బతికే ఇల్లాలి పాలకు ధర పడిపోతుంది.

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి 20 ఏళ్ల పాటు పేటెంటు హక్కు ఉంటుంది. ఆ గడువు ఇంకా పెంచితే చౌక మందులు ఆలస్యంగా వస్తాయి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు మందుల మీద బతుకుతున్నాయో మనకు తెలుసు.

అన్నిటికన్నా పెద్ద మాట ఒకటి అడిగారు. "ఒప్పందంలో ఏం రాస్తున్నారో మాకెందుకు చూపించరు?" ఆ చర్చలు రహస్యంగా జరిగాయి.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రభుత్వం ఈ ఒప్పందంలో చేరబోమని చెప్పింది. మిగిలిన 15 దేశాలు 2020లో సంతకాలు చేశాయి. 2022 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

"అయితే గండం గడిచినట్టే కదా పిన్నీ?" అంది అప్ప.

"అది గడిచింది. కానీ వేరువేరు దేశాలతో విడివిడిగా ఒప్పందాలు జరుగుతూనే ఉన్నాయి. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022లోనే అమలులోకి వచ్చింది. ఒప్పందాలన్నీ చెడ్డవని కాదు. మన సరుకుకూ బయట గిరాకీ రావచ్చు. కాని ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ముందే తెలియాలి."

చెల్లి కొంచెంసేపు ఆలోచించింది. "చదువు రానప్పుడు షావుకారు ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదవకుండా సంతకం పెట్టం. దేశం పెట్టే సంతకమూ అంతే కదా పిన్నీ!"

"అంతేనమ్మా. అది మనందరి తరఫున పెట్టే సంతకం" అంది పిన్ని.

లెక్క కట్టండి

100 రూపాయల పప్పు మీద 45 శాతం సుంకం వేస్తే ఎంత అవుతుంది? 70 శాతం వేస్తే ఎంత అవుతుంది?

మాట్లాడుకోండి

1. బయటి పిక్కలు వస్తే అప్పకు ఏమవుతుంది? చెల్లికి ఏమవుతుంది?
2. బయటి పప్పు వస్తే ఇద్దరికీ ఎందుకు నష్టం?
3. మీ ఇంట్లో వాడే సరుకుల్లో బయటి దేశాలవి ఏవి?

రాయండి

ఒప్పందంపై సంతకం పెట్టే ముందు మాకు తెలుగులో చెప్పండి అని మీ ఎంపీకి ఒక కార్డు రాయండి. కింద మీ సంతకం పెట్టండి.